రూపం మారిన రాత: వ్యక్తిగత బ్లాగుల పునర్నిర్మాణం, తెలుగు అనుభవం

వ్యాససంగ్రహం: వ్యక్తిగత బ్లాగు ఒక రచనా రూపంగా స్థిరపడి పాతికేళ్లు దాటింది. ఈ వ్యవధిలో బ్లాగుల వేషం, లోపలి యంత్రాంగం, లిపి సంకేతం, చిరునామా పలుమార్లు మారాయి. ఈ మార్పులను సాంకేతిక విషయాలుగా భావించి సాహిత్య చరిత్రకారులు పక్కన పెట్టడం పరిపాటి. వాటిని పాఠచరిత్రలో భాగంగా చూడవలసి ఉందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఆంగ్ల బ్లాగుకు పునర్నిర్మాణం ప్రధానంగా వేషం మార్పు. తెలుగు బ్లాగుకు అది అక్షరం మార్పు కూడా.

కీలకపదాలు: బ్లాగు, టపా, యూనికోడ్, ఫాంటు సంకేతం, శాశ్వత లంకె, పాఠపరిష్కరణ, అంతర్జాల భాండాగారం.

1. ప్రవేశిక

ముద్రిత పత్రిక రూపం మార్చుకుంటే ఆ మార్పు రాబోయే సంచికలకే వర్తిస్తుంది. 'భారతి' 1924లో మొదలై 1991 వరకు వెలువడింది. అంత సుదీర్ఘ కాలంలో అచ్చు తీరూ పుటల అమరికా ఎన్ని మార్పులకు లోనైనా, 1930 నాటి సంచిక గ్రంథాలయపు అరలో 1930 నాటి ముఖంతోనే కనిపిస్తుంది. సంపాదకుడు తర్వాత తీసుకున్న ఏ నిర్ణయమూ దాన్ని తాకలేదు. బ్లాగు విషయం ఇందుకు విరుద్ధం. 2006లో రాసిన టపాను, 2018లో కొత్త అలంకారం వేసుకున్న బ్లాగులో తెరిస్తే, అది 2018 నాటి వేషంలోనే ఎదురవుతుంది. అక్షరాల పరిమాణం, పక్కపట్టీలోని వస్తువులు, శీర్షిక కింది చిత్రం అన్నీ కొత్తవే. తేదీ ఒక్కటే పాతది. ఒక్కొక్కసారి అదీ మిగలదు.

పునర్నిర్మాణం గతానికి కూడా వర్తించడం అనే ఈ లక్షణం ముద్రణ యుగంలో లేదు. అయితే తెలుగు పాఠచరిత్రలో ఇది పూర్తిగా కొత్తదీ కాదు. తాళపత్ర యుగంలో గ్రంథం నిలవాలంటే దాన్ని కొత్త ఆకుల మీదికి ఎత్తిరాయవలసిందే. శిథిలమైన ప్రతిని వదిలిపెట్టి నూతన ప్రతిని నిలుపుకొనేవారు. ఎత్తిరాసిన లేఖకుడి అలవాట్లు, అతని కాలపు లిపి, అతని పొరపాట్లు పాత రచనలోకి ప్రవేశించేవి. సి. పి. బ్రౌన్ 19వ శతాబ్దంలో ప్రతులు సేకరించి, పండితులచేత సరిచూపించి శుద్ధప్రతులు రాయించినప్పుడు ఎదురైన చిక్కులన్నీ ఈ ప్రక్రియ ఫలితాలే. పాఠపరిష్కరణ శాస్త్రం పుట్టింది కూడా ఇందుకోసమే. బ్లాగు పునర్నిర్మాణాన్ని ఎత్తిరాతకు దగ్గరి బంధువుగా చూస్తే, సాంకేతికం అనిపించే అనేక వివరాలు సాహిత్య విద్యార్థికి పరిచితమైన సమస్యలుగా మారతాయి.

వాడుకలో ఉన్న 'అప్‌గ్రేడ్' అనే మాటలోనే ముందరిది తక్కువది అన్న తీర్పు దాగి ఉంది. చరిత్రకారుడు ఆ తీర్పును అరువు తెచ్చుకోనక్కరలేదు.

2. సొంత పుటనుంచి బ్లాగుకు

టిమ్ బెర్నర్స్-లీ సెర్న్ పరిశోధనాలయంలో రూపొందించిన వరల్డ్ వైడ్ వెబ్ 1991లో బయటివారికి అందుబాటులోకి వచ్చింది. 1994 జనవరిలో అమెరికాలోని స్వార్త్‌మోర్ కళాశాల విద్యార్థి జస్టిన్ హాల్ తన సొంత పుటను ప్రారంభించి, ఆ తర్వాత తన జీవితాన్నే అందులో రాస్తూ పోయాడు. 1997 డిసెంబరులో జోర్న్ బార్గర్ 'వెబ్‌లాగ్' అనే మాటను వాడాడు. 1999లో పీటర్ మెర్‌హోల్జ్ దాన్ని సరదాగా విరిచి 'బ్లాగ్' చేశాడు. అదే ఏడాది ఆగస్టులో పైరా ల్యాబ్స్ 'బ్లాగర్' సేవను ఆరంభించింది. 2003 ఫిబ్రవరిలో గూగుల్ ఆ సంస్థను కొన్నది.

బ్లాగరుకు ముందు ప్రతి పుటనూ రచయిత చేత్తో కట్టుకునేవాడు. రాతా, రాతను అలంకరించే సూచనలూ ఒకే దస్త్రంలో కలగలిసి ఉండేవి. యాభై పుటలున్న వ్యక్తి రంగు మార్చాలంటే యాభై దస్త్రాలు తెరవాలి. కనుక పాత పుటలు పాత రంగుతోనే మిగిలిపోయేవి. బద్ధకం ఇక్కడ భాండాగారికుడి పని చేసిందనడం అతిశయోక్తి కాదు. 1990ల నాటి సొంత పుటల్లో ఒకే రచయిత రాసినవి కూడా వరుసగా చూస్తే, అతని అభిరుచి ఎలా మారిందో తెలిసేది. జియోసిటీస్ వంటి ఉచిత సేవల్లో ఇటువంటివి లక్షల్లో ఉండేవి. యాహూ 1999లో కొన్న ఆ సేవ 2009 అక్టోబరు 26న మూతపడింది. స్వచ్ఛంద బృందాలు కాపాడగలిగినంత మేరకే అందులోని పుటలు నేడు చూడవచ్చు.

3. పాఠం ఒకచోట, వేషం మరొకచోట

ఈ స్థితిని మార్చింది పాఠాన్నీ రూపాన్నీ వేరుచేయాలన్న ఆలోచన. వెబ్ ప్రమాణాల సంఘం 1996 డిసెంబరులో సీఎస్ఎస్ తొలి ప్రమాణాన్ని వెలువరించింది. పుటలో ఏముందో ఒక దస్త్రం చెబుతుంది, అది ఎలా కనిపించాలో వేరొక దస్త్రం చెబుతుంది. 2003లో డేవ్ షే ప్రారంభించిన 'సీఎస్ఎస్ జెన్ గార్డెన్' ఈ సిద్ధాంతానికి ప్రదర్శనశాల అయింది. ఒకే పాఠం, ఒక్క అక్షరమూ మారకుండా, పదుల కొద్దీ వేర్వేరు రూపాల్లో అక్కడ కనిపించేది. రూపశిల్పులకు అది ఒక విముక్తి. రూపం అర్థంలో భాగమని నమ్మే పాఠకుడికి మాత్రం అది కొంత కలవరపెట్టే ప్రదర్శనే.

బ్లాగు సాధనాలు ఈ విభజనను సామాన్య రచయిత చేతికి అందించాయి. 2001లో వచ్చిన 'మూవబుల్ టైప్' టపాలన్నిటినీ అచ్చులో పోసినట్టు స్థిరమైన దస్త్రాలుగా తయారుచేసేది. మూసను మార్చిన తర్వాత మొత్తం బ్లాగును తిరిగి నిర్మించమని ఆజ్ఞాపిస్తేనే పాత టపాలకు కొత్త రూపం వచ్చేది. అంటే గతాన్ని మార్చడం ప్రత్యేకంగా చేయవలసిన పని. 2003 మే 27న మాట్ ములెన్‌వెగ్, మైక్ లిటిల్ విడుదల చేసిన 'వర్డ్‌ప్రెస్' పద్ధతి వేరు. ఇందులో టపా ఒక దత్తాంశ నిధిలో వరుసగా ఉంటుంది. పాఠకుడు అడిగిన క్షణంలో పుట తయారవుతుంది. మూస మారిన మరుక్షణం గతమంతా మారిపోతుంది. ఎవరూ ఆజ్ఞాపించనక్కరలేదు. పైన చెప్పిన వెనుకకు వర్తించే లక్షణం పూర్తిగా స్థిరపడినది ఇక్కడే.

2004 మే నెల ఈ చరిత్రలో ప్రత్యేకంగా గుర్తుంచుకోదగినది. ఆ నెలలో బ్లాగరు తన మూసలన్నిటినీ ప్రమాణబద్ధంగా కొత్తగా గీయించి, ప్రతి టపాకూ ప్రత్యేక పుటను, వ్యాఖ్యల సౌకర్యాన్ని కల్పించింది. అదే నెలలో మూవబుల్ టైప్ మూడో రూపాంతరం కొత్త లైసెన్సు షరతులతో వచ్చింది. ఉచితంగా వాడుకుంటున్న రచయితల్లో అసంతృప్తి రేగింది. మార్క్ పిల్‌గ్రిమ్ తన బ్లాగులో స్వేచ్ఛ అనే ప్రాతిపదిక మీద వాదించి వర్డ్‌ప్రెస్‌కు తరలిపోయాడు, ఆయన బాటలో మరెందరో నడిచారు. సాధనం మార్పును రచయితలు ఒక సూత్రానికి సంబంధించిన విషయంగా చర్చించిన తొలి సందర్భాల్లో ఇదొకటి. ఆ వలసలో రూపం కంటే యాజమాన్యం ప్రశ్న ముఖ్యమైంది. 2005 ఫిబ్రవరిలో వర్డ్‌ప్రెస్ 1.5తో అలంకారాల వ్యవస్థ వచ్చింది. మైకెల్ హీల్‌మాన్ రూపొందించిన 'కూబ్రిక్' అనే నీలిరంగు తలపట్టీ ముఖం కొన్నేళ్లపాటు ప్రపంచమంతటా బ్లాగుల సామాన్య ముఖమైంది. పునర్నిర్మాణం పేరిట వేలమంది ఒకే ముఖం తొడుక్కోవడం ఒక వింత.

4. తెలుగు అక్షరం మారిన కథ

తెలుగులో ఈ చరిత్ర మరో దారిన నడిచింది. కూబ్రిక్ ముఖం నచ్చిందా లేదా అన్న ప్రశ్నకు ముందు, ఎదుటి కంప్యూటరులో తెలుగు కనిపిస్తుందా అన్న ప్రశ్న ఉండేది.

1990లలో అమెరికాలోని తెలుగువారు యూజ్‌నెట్ చర్చావేదికల్లో రోమను లిపిలో రాసుకున్నారు. కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ రైస్ విశ్వవిద్యాలయంలో రూపొందించిన ఆర్‌టీఎస్ పద్ధతి ఆ రాతకు ఒక క్రమాన్ని ఇచ్చింది. పెద్దబడి, చిన్నబడి రోమను అక్షరాల భేదాన్ని ఆసరాగా చేసుకుని త-ట, న-ణ వంటి జంటలను వేరుచేసిన ఈ పద్ధతిలో తెలుగు వర్ణమాల మొత్తం నష్టం లేకుండా ఇమిడింది. చూడడానికి వికారంగా ఉన్నా పాఠపరిష్కర్త దృష్టిలో ఇది ఆ కాలపు అతి శుద్ధమైన రాత. ఎందుకంటే ప్రతి ధ్వనికీ ఒక నిశ్చితమైన గుర్తు ఉంది, దాన్ని ఏ కాలంలోనైనా యాంత్రికంగా తెలుగులోకి మార్చవచ్చు. 1998లో మొదలైన 'ఈమాట' వంటి పత్రికల పాత సంచికలు నేడు యూనికోడ్‌లో చదవగలుగుతున్నామంటే, సంకేతాన్ని సంకేతంగా భద్రపరచుకున్నందువల్లనే.

దీనికి సమాంతరంగా నడిచినది ఫాంటు మార్గం. అప్పటి సాధారణ ఫాంటులో ఉన్న స్థానాలు 256. గుణింతాలు, ఒత్తులు కలిపి చూస్తే తెలుగు రూపాలు అంతకు ఎన్నో రెట్లు. కనుక ఫాంటు రూపకర్తలు అక్షరాన్ని ముక్కలు చేశారు. తలకట్టు ఒక స్థానంలో, గుడి ఒక స్థానంలో, కొమ్ము మరొక స్థానంలో, ఒత్తులు ఇంకెక్కడో చేరాయి. ఒకే ముక్క రెండు మూడు అక్షరాల్లో భాగంగా ఉపయోగపడేది. ఏ ముక్క ఏ స్థానంలో ఉండాలన్న ఒప్పందం లేదు. ప్రతి దినపత్రికా, ప్రతి సంస్థా తమ సొంత పట్టికను అనుసరించాయి. ఒక పత్రిక కోసం దింపుకున్న ఫాంటు మరో పత్రికకు పనికిరాదు. ఫాంటు లేని కంప్యూటరులో ఆ పుట తెరిస్తే, నెత్తిన గుర్తులున్న ఐరోపా అక్షరాల గందరగోళం కనిపించేది. శోధన యంత్రానికి ఎప్పుడూ కనిపించేది ఆ గందరగోళమే. తెర మీద తెలుగు ఉంది, లోపల తెలుగు లేదు. వ్యక్తిగత పుటలు కట్టుకున్న తొలి తెలుగువారిలో చాలామంది ఈ మార్గంలోనే రాశారు, మరికొందరు తమ రాతను చిత్రాలుగా మార్చి పెట్టారు.

1991లోనే యూనికోడ్ తొలి ప్రమాణంలో తెలుగుకు స్థానం దక్కింది. భారతీయ లిపుల కోసం అప్పటికే ఉన్న ఇస్కీ అమరికను అది ఆధారం చేసుకుంది. అయినా తెలుగు బ్లాగులు విరివిగా రావడానికి మరో దశాబ్దంన్నర పట్టింది. కారణం స్పష్టమే. యూనికోడ్ నిలువచేసేది ఉచ్చారణ క్రమాన్ని. 'క్రై' అంటే క, పొల్లు, ర, ఐత్వం అనే నాలుగు సంకేతాలు. వాటిని కలిపి చూపించే పని ఫాంటుకూ నిర్వాహక వ్యవస్థకూ అప్పగించింది. ఆ పని చేయగల వ్యవస్థ సామాన్యుడి ఇంటికి చేరింది 2001లో, విండోస్ ఎక్స్‌పీతో, 'గౌతమి' ఫాంటుతో. అప్పుడూ అది తనంతట తాను పనిచేయలేదు. సంక్లిష్ట లిపుల మద్దతును విడిగా ఎంచుకుని, అడిగినప్పుడు ఎక్స్‌పీ సీడీ పెట్టాలి. తెలుగులో రాయడం కన్నా, తెలుగు కనిపించడానికి ఏం చేయాలో వివరించడమే తొలి బ్లాగరుల పెద్ద పని అయింది. దేశికాచారి రూపొందించిన 'పోతన', 'వేమన' ఫాంట్లు ఆ దశలో చదువరికి కంటికింపైన ప్రత్యామ్నాయాన్ని ఇచ్చాయి. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలైంది. నాగార్జున వెన్న తయారుచేసిన 'పద్మ' అనే ఫైర్‌ఫాక్స్ పొడిగింపు దినపత్రికల ఫాంటు సంకేతాలను చదివే వేళలోనే యూనికోడ్‌లోకి మార్చి చూపేది. రోమను అక్షరాలతో కొడితే తెలుగు వచ్చే 'లేఖిని', తెలుగు టపాలన్నిటినీ ఒకచోట పేర్చే 'కూడలి' 2006 ప్రాంతంలో విస్తృతంగా వాడుకలోకి వచ్చాయి. టపా, వ్యాఖ్య, కూడలి వంటి మాటలు ఈ సమూహం వాడుకలోనే పారిభాషిక పదాలుగా కుదురుకున్నాయి.

ఈ నేపథ్యంలో పాత పుటను కొత్తదిగా మార్చుకోవడం అంటే ఏమిటో ఊహించవచ్చు. ఫాంటు సంకేతంలో ఉన్న రాతను యూనికోడ్‌లోకి మార్చడం యాంత్రికమైన పనిలా కనిపిస్తుంది. కానీ ఫాంటు మార్గంలో రాత కంటికి కనిపించే క్రమంలో ఉంటుంది. ఒత్తును ముందు కొట్టారా, గుడిని ముందు కొట్టారా అన్నది రాసినవారి అలవాటు. పూర్ణానుస్వారానికీ సున్న అంకెకూ ఒకే గుండ్రని గుర్తును వాడినవారున్నారు. మార్పిడి సాధనం అంకె ఎక్కడో, అనుస్వారం ఎక్కడో ఊహించవలసి వచ్చేది. 1900 అనే సంవత్సరంలో చివరి సున్నలు అనుస్వారాలైతే చదువరి నవ్వుకుని సరిదిద్దుకుంటాడు, శోధన యంత్రం సరిదిద్దుకోదు. దంత్య చ, జలు (ౘ, ౙ), అవగ్రహం యూనికోడ్‌లో చేరింది 2008లో. అంతకుముందు మార్చిన పద్యపాఠాల్లో, నిఘంటు ఎత్తిరాతల్లో ఆ భేదాలు సాధారణ చ, జలుగా సమసిపోయాయి. మార్పిడి జరిగిన సంవత్సరాన్ని బట్టి పాఠం మారుతుందన్నమాట. తాళపత్ర ప్రతుల వంశవృక్షం గీసినవారికి ఇది బాగా తెలిసిన దృశ్యమే.

మరింత తీవ్రమైన నష్టం దత్తాంశ నిధుల్లో జరిగింది. వర్డ్‌ప్రెస్ ఆధారపడిన మైఎస్‌క్యూఎల్ చాలాకాలం పశ్చిమ ఐరోపా లిపుల సంకేతాన్నే సహజస్థితిగా భావించింది. 2018లో వచ్చిన ఎనిమిదో రూపాంతరంలో గాని అది మారలేదు. యూనికోడ్‌ను నిలువచేసే సాధారణ పద్ధతిలో ఒక్కో తెలుగు సంకేతానికి మూడు బైట్లు కావాలి. 'అమ్మ'లో అ, మ, పొల్లు, మ కలిపి నాలుగు సంకేతాలు, అంటే 12 బైట్లు. ఈ పన్నెండింటినీ పన్నెండు ఐరోపా అక్షరాలుగా భావించి నిధి దాచుకునేది. రాసేటప్పుడూ చదివేటప్పుడూ ఒకే పొరపాటు జరుగుతున్నంత కాలం తెర మీద తెలుగు సరిగ్గానే కనిపించేది. రెండు తప్పులూ ఒకదాన్నొకటి కొట్టివేసుకునేవి. వర్డ్‌ప్రెస్ 2007 మేలో విడుదలైన 2.2లో సంకేతాన్ని స్పష్టంగా చెప్పుకునే అమరికను తెచ్చింది. రచయిత బ్లాగును మెరుగుపరచుకోవాలని కొత్త రూపాంతరానికో, కొత్త ఆతిథ్య సంస్థకో మారినప్పుడు ఒక తప్పు సరిదిద్దబడి, రెండోది మిగిలిపోయేది. అంతవరకు బాగున్న టపాలన్నీ ఒక్కసారిగా చెదిరేవి. చెదిరిన అక్షరాలైతే నిపుణుడి సాయంతో తిరిగి కూర్చవచ్చు. తెలుగు ఎరుగని సంకేతంలోకి దించేటప్పుడు ప్రతి అక్షరం బదులూ ప్రశ్నార్థకం పడితే మాత్రం మూలం పోయినట్టే. ప్రశ్నార్థకాల వరుస వెనుక ఏముందో ఏ సాధనమూ చెప్పలేదు. ఆంగ్ల బ్లాగరుకు ఇదే మార్పు కొన్ని ఉద్ధరణ చిహ్నాల నష్టంతో ముగిసేది.

అంటే తెలుగు రచయిత పునర్నిర్మాణానికి వెచ్చించిన మూల్యం ఆంగ్ల రచయిత వెచ్చించినది కాదు. తెలుగులో బ్లాగులు ఎందుకు ఆగిపోయాయన్న ప్రశ్నకు సామాజిక మాధ్యమాల ఆకర్షణను సమాధానంగా చెప్పడం సులువు. ఆ సమాధానం అబద్ధం కాదు. కానీ సొంత ఇల్లు నడుపుకోవడం తెలుగువారికి అదనపు శ్రమ అయిందన్న కారణాన్ని కూడా దాని పక్కన ఉంచవలసి ఉంటుంది.

5. చిరునామా

వెబ్ స్థాపకుడు బెర్నర్స్-లీ 1998లోనే చిరునామాలు మారకూడదని, మారితే అది రచయిత బాధ్యతారాహిత్యమేనని వాదిస్తూ ఒక వ్యాసం రాశాడు. 2000 ప్రాంతంలో బ్లాగుల్లో 'శాశ్వత లంకె' వాడుకలోకి వచ్చింది. ప్రతి టపాకూ విడి చిరునామా ఏర్పడడం బ్లాగును ఉదాహరించదగిన రచనగా మార్చిందని చెప్పవచ్చు. దినచర్య పుస్తకంలో పుటసంఖ్యలు వేసినంత పని అది.

తెలుగులో ఈ లంకెలకు ప్రత్యేకమైన చిక్కు ఉంది. బ్లాగరు సేవ శీర్షికలోని రోమను అక్షరాలతోనే చిరునామా తయారుచేస్తుంది. తెలుగు శీర్షికలో అవి ఉండవు గనుక టపాలన్నిటికీ 'బ్లాగ్ పోస్ట్' అనే ఒకే పేరు, దాని వెనుక ఏవో అంకెలు దక్కాయి. ఒక తరం తెలుగు టపాలకు చిరునామాలో పేరు లేదు. వర్డ్‌ప్రెస్ తెలుగు శీర్షికను చిరునామాలోకి తీసుకుంది. కానీ అక్కడ ప్రతి తెలుగు సంకేతమూ శాతం గుర్తులతో కలిపి తొమ్మిది స్థానాలు ఆక్రమిస్తుంది. ఆ గడికి కేటాయించినవి 200 స్థానాలే. దాదాపు 22 సంకేతాల దగ్గర శీర్షిక తెగిపోతుంది. గుణింతపు గుర్తులూ పొల్లులూ లెక్కలోకి వస్తాయి కనుక మూడు నాలుగు మాటలకు మించి నిలవవు. అలా నిలిచినది కూడా సందేశంలోకి ఎత్తి అతికించేసరికి శాతం గుర్తుల దండగా మారుతుంది.

బ్లాగరునుంచి వర్డ్‌ప్రెస్‌కు తరలినవారికి పాత చిరునామా, కొత్త చిరునామా వేరు. శాశ్వతంగా మారింది అని చెప్పే 301 సంకేతంతో పాత లంకెను కొత్తదానికి కలపడం సాధ్యమే. సొంత సర్వరు మీద హక్కు ఉన్నవారికే అది తేలిక. బ్లాగరు సేవ 2010 మే 1న సొంత సర్వరుకు టపాలు పంపే సౌకర్యాన్ని ఆపివేసినప్పుడు, తమ పేరిటి చిరునామాలో బ్లాగు నడుపుతున్నవారు సాధనాన్నో చిరునామా అమరికనో మార్చుకోక తప్పలేదు. అది వారు కోరుకున్న పునర్నిర్మాణం కాదు. 2013 జూలై 1న గూగుల్ రీడర్ మూతపడడంతో, చిరునామా మారినా ఫీడు ద్వారా అనుసరిస్తూ వచ్చిన చదువరుల్లో గణనీయమైన భాగం దూరమైంది.

వ్యాఖ్యల గతి ఇంకా దీనం. 2006-2010 నడుమ తెలుగు బ్లాగుల్లో ఛందస్సు, పదాల వ్యుత్పత్తి, కథాశిల్పం, ప్రాంతీయ భాషలు వంటి విషయాల మీద సాగిన చర్చ ప్రధానంగా వ్యాఖ్యల్లోనే ఉంది. టపా కేవలం ప్రస్తావన. తరలింపు సాధనాలు టపాను జాగ్రత్తగా తీసుకువెళ్లినంతగా వ్యాఖ్యలను తీసుకువెళ్లలేదు. తీసుకువెళ్లినప్పుడూ ఎవరు ఎవరికి బదులిచ్చారన్న వరుస చెదిరింది. కొత్త రూపానికి వ్యాఖ్యలు బరువని తీసివేసినవారూ ఉన్నారు. అష్టావధానంలో పూరణ మిగిలి పృచ్ఛకుడి ప్రశ్న పోతే ఎలా ఉంటుందో, ఆ టపాలు ఇప్పుడు అలా కనిపిస్తాయి.

6. చేతిలోని తెర

2010 మే 25న ఈథన్ మార్కాట్ ప్రచురించిన వ్యాసం తెర వెడల్పును బట్టి తానే సర్దుకునే పుట అనే భావనను ప్రతిపాదించింది. ఫోను ప్రధాన పఠనసాధనమయ్యేకొద్దీ బ్లాగులన్నీ ఈ దారి పట్టాయి. పక్కపట్టీ అడుగుకు జారిపోయింది. పక్కపట్టీలో ఉండేవి తోటి బ్లాగుల పేర్లు, పాత టపాల పట్టికలు, ఇటీవలి వ్యాఖ్యలు. ఎవరు ఎవరిని చదివేవారో తెలిపే ఆ జాబితాలు సాహితీ సమూహ చరిత్రకు ప్రథమ ఆధారాలు. రూపం మార్పులో అవి పోవడాన్ని ఎవరూ నష్టంగా లెక్కించలేదు.

తొలితరం ఆండ్రాయిడ్ ఫోన్లలో తెలుగు బదులు ఖాళీ డబ్బాలు కనిపించేవి. కనిపించడం మొదలైన తర్వాత అలంకారాల లోపాలు బయటపడ్డాయి. లాటిన్ అక్షరాల కోసం కొలిచిన పంక్తి ఎడంలో తెలుగు ఒత్తు కింది పంక్తి గుడిని తాకుతుంది. 'స్త్రీ', 'రాష్ట్రం' వంటి మాటలున్న చోట ఇది స్పష్టంగా తెలుస్తుంది. వెబ్ ఫాంట్లు ప్రమాణీకృతమయ్యాక ఫాంటును పుటతోపాటే పంపే వీలు కలిగింది. సిలికానాంధ్ర చొరవతో వచ్చి గూగుల్ ఫాంట్స్‌లో చేరిన సురన్న, ధూర్జటి, గిడుగు, మండలి వంటి ముఖాలు ఇందుకు తోడ్పడ్డాయి. చదువరి యంత్రంలో ఏముందన్న దిగులు లేకుండా తెలుగు రచయిత తన పుట ఎలా కనిపించాలో తాను నిర్ణయించుకోగలగడం అదే మొదలు. ఆంగ్ల బ్లాగరు ఎప్పుడో 1990లలో మొదలుపెట్టిన చోటికి తెలుగు బ్లాగరు అప్పటికి చేరాడు.

2018 ఫిబ్రవరిలో ఐఫోన్లలో ఒకానొక తెలుగు సంకేతాల కూర్పు, 'జ్ఞా'కు సంబంధించినది, కనిపించిన అనువర్తనాన్నల్లా కూల్చివేసింది. ఆపిల్ ఆ నెలలోనే 11.2.6 రూపాంతరంతో దాన్ని సరిచేసింది. ఆ కూర్పులో ప్రమాదకరమైనది కంటికి కనిపించని ఒక విభాజక సంకేతం. 'సాఫ్ట్‌వేర్' వంటి మాటల్లో ఒత్తు పడకుండా తెలుగువారు నిత్యం వాడేది అదే. టపా శీర్షికలో ఆ సంకేతం ఉన్నదీ లేనిదీ శోధనలో వేర్వేరు మాటలుగా లెక్కకు రావచ్చునని, కొత్త సాధనానికి మారేటప్పుడు అది రాలిపోవచ్చునని గమనించినవారు తక్కువ.

అదే ఏడాది డిసెంబరు 6న వర్డ్‌ప్రెస్ 5.0 టపాను ఒకే ప్రవాహంగా కాక ఖండికలుగా చూసే కొత్త కూర్పరిని తెచ్చింది. అప్పటివరకు వేషం మాత్రమే మారేది, ఇప్పుడు పాఠం లోపలే నిర్మాణ సూచనలు చేరాయి. వేరుచేయాలన్న 1996 నాటి ఆదర్శానికి ఇది ఎంత దూరమో వేరే చెప్పనక్కరలేదు.

7. పరిశోధకుడి ఎదుట

తెలుగు శాఖల్లో సమర్పితమవుతున్న సిద్ధాంతగ్రంథాల్లో బ్లాగుల ఉదాహరణలు పెరుగుతున్నాయి. సాధారణంగా చిరునామా, చూసిన తేదీ ఇస్తారు. పైన చెప్పిన చరిత్ర వెలుగులో ఇది చాలదు. 2007 నాటి టపాను 2023లో చూసినవారు ఉదాహరిస్తున్నది ఎన్నో ఎత్తిరాతో తెలియదు. ప్రాచీన గ్రంథ పరిష్కర్త ఏ ప్రతి, ఏ భాండాగారం, ఏ సంఖ్య అని చెప్పినట్టు, ఇక్కడ ఏ సాధనంలో, ఏ సంకేతంలో, ఏ తరలింపు తర్వాతి పాఠమో తెలిసినంతవరకు చెప్పాలి. తాళపత్ర లేఖకుడు చివర సంవత్సర నామం, మాసం, తిథి, తన పేరు రాసి, దోషాలు మన్నించమని వేడుకునేవాడు. బ్లాగు తరలించినవారు కూడా అటువంటి గద్య ఒకటి చేర్చితే భావి పరిశోధకుడికి సగం శ్రమ తప్పుతుంది. కొందరు 'కొత్త ఇంటికి వచ్చాం' అంటూ టపా రాశారు. అవి వేడుక కోసం రాసినవైనా, ఇప్పుడు తేదీలు నిర్ణయించడానికి అవే ఆధారం.

1996లో బ్రూస్టర్ కేల్ స్థాపించిన ఇంటర్నెట్ ఆర్కైవ్ 2001నుంచి పాత పుటలను తేదీలవారీగా చూపిస్తున్నది. ఒకే టపా వేర్వేరు ఏళ్లలో ఎలా ఉన్నదో పోల్చి చూడడానికి ఇంతకు మించిన సాధనం లేదు. దాని లోటు తెలుగు విషయంలోనే ఎక్కువ. అది పుటను దాచినంతగా, చదువరి విడిగా దింపుకోవలసిన ఫాంటును దాచలేదు. ఫాంటు సంకేతంలో ఉన్న 2000 నాటి తెలుగు పుటను అక్కడ తెరిస్తే, నెత్తిన గుర్తులున్న ఐరోపా అక్షరాలే నేటికీ ఎదురవుతాయి. వాటిని చదివించిన 'పద్మ' 2005 నాటి రూపంలో ఇప్పుడు పనిచేయదు. 2017 నవంబరులో విడుదలైన ఫైర్‌ఫాక్స్ 57 పాత తరహా పొడిగింపులన్నిటికీ మద్దతు ఆపివేసింది. దాని లోపల ఒక్కో పత్రిక ఫాంటుకూ ఒక్కో పట్టిక ఉండేది, ఏ స్థానంలో తలకట్టు, ఏ స్థానంలో కొమ్ము అని. ఆ పుటలను చదవాలనుకునే పరిశోధకుడు ముందుగా వెతుక్కోవలసింది ఆ పట్టికలను.